గురువుగారి చెక్కకు నూనె

శనివారం రాత్రి, బెడోక్

నా అంత అదృష్టవంతుడు లేడని పొద్దున్న ఎంత పొంగిపోయానో! మా సుజాతకు చెక్క అచ్చుపని నేర్పిన జపాన్ గురువుగారు, చనిపోయే ముందు, తాను చెక్కిన ఆఖరి అచ్చు చెక్కను మా పిల్లకే ఇమ్మన్నారట. ఆయన భార్య జపాన్ నుంచి పంపిన పార్సిల్ మా ఫ్లాట్‌కు వచ్చింది. అంతమంది శిష్యుల్లో నా బిడ్డ! వానలో తడుస్తున్న కొంగ బొమ్మ అది. ఆ వాన గీతలు వెంట్రుక కన్నా సన్నం. దాంతో ఇంకా ఒక్క అచ్చూ తీయలేదు. మొదటిది సుజాతే తీయాలి.

తను కాగితం కొనడానికి వెళ్లింది. నా చేతులు ఊరుకోలేదు. పెడనలో మా కలంకారీ పనికి కొత్త అచ్చు వస్తే, బీటలు వారకుండా ముందు నూనె పట్టించేవాళ్లం. ఆ సంతోషంలో నువ్వుల నూనె తీసి, చంటిపిల్లకు రాసినట్టు రాశాను.

సాయంత్రం సుజాత రంగు పూస్తే, చెక్క మీద నిలవకుండా బొట్లు బొట్లుగా జారిపోయింది.

"నాన్నా, దీనికేమైనా రాశావా?"

"నూనె రాశానమ్మా. మన అచ్చులకు రాస్తాం కదా."

"జపాన్ వాళ్లవి నీళ్ల రంగులు నాన్నా. ఇంక పట్టవు."

తిట్టినా బాగుండేది. తుడిచింది, కడిగింది, మళ్లీ పూసింది. కాగితం మీద మరకలు తప్ప ఏమీ పడలేదు.

"పోనీ, దీన్ని చూసి నువ్వే ఇంకోటి చెక్కమ్మా."

"చెక్కుతాను. కానీ అది నా కొంగ అవుతుంది నాన్నా. ఆయనది కాదు."

అన్నం తినకుండా పడుకుంది. మొదటి అచ్చు పంపుతానని గురువుగారి భార్యకు ఫోన్‌లో మాటిచ్చిందట. ఆవిడ అక్కడ గోడ మీద చోటు ఖాళీ చేసి ఉంచిందట...