నీ రోవన్ చెట్టుకు మిగిలిన బెరడు

గ్లెన్ ఆర్నిక్,
ఫిబ్రవరి 9

చిట్టితల్లి ఎఫీకి అమ్మ దీవెనలు. ఇక్కడ మేమిద్దరం బాగానే ఉన్నాం. నువ్వెలా ఉన్నావో వెంటనే రాయి. కడుపులో బిడ్డ బాగా కదులుతోందా?

కంగారు పడనంటే చెబుతాను. నువ్వు పుట్టినప్పుడు, ఇంటికి కీడు రాకూడదని గుమ్మం పక్కన నాటిన రోవన్ చెట్టును జింకలు కొరికేశాయి. తప్పు నాదే. మంచులో ఓ తల్లి జింకా దాని పిల్లా గేటు దగ్గర వణుకుతూ నిలబడితే మనసాగక నాలుగు రోజులు గడ్డి వేశాను. ఐదో రోజు గడియ వేయడం మరిచాను. తెల్లారేసరికి వాకిట్లో పద్నాలుగున్నాయి!

"అవి కొండ మీద ఒక్క మొక్కను తలెత్తనివ్వవు. వేటాడి మందను తగ్గించమని ఎస్టేటు దొర దగ్గర నేను మొత్తుకుంటుంటే, నువ్విక్కడ విందులు పెడుతున్నావా?" అని మీ నాన్న గయ్యిమన్నారు. బెరడు చుట్టూతా పోతే చెట్టు చచ్చినట్టేనట. వేళ్లతో కొలిచి చూశారు. ఒక పక్కన నాలుగు వేళ్ల వెడల్పు మిగిలింది. "చెట్టుకీ పిల్లకీ ముడిపెట్టి ఏడవకు, అది ఉత్త కర్ర," అని కసిరారు.

కాన్పుకు నేను వచ్చేలోపు బరువులెత్తకు. ఓట్స్ జావ మానకు. నీ ఉయ్యాల దుప్పటి అటక మీదే ఉంది, తేనా? అల్లుణ్ణి అడిగానని చెప్పు.

ఇందాక గుమ్మం తీసి చూస్తే, నువ్వు నాన్నకు అల్లిచ్చిన ఉన్ని మఫ్లరు ఆ చెట్టు మొదలుకు చుట్టి ఉంది. ఆయన ఈ చలిలో మెడకేమీ లేకుండానే కొండెక్కారు. ఒక్క ముక్క రాయవే తల్లీ, ఆయన కోసమైనా.

అమ్మ