మందుల ప్లాన్ ఈసారి నేనే మార్చానండీ

ఏమండీ,

మీరు పోయాక మొదటిసారి మందుల ఇన్సూరెన్స్ ప్లాన్ నేనే చూసుకున్నాను. ఏటా అక్టోబర్‌లో, ప్లాన్లు మార్చుకునే రోజుల్లో, ఆ పని మీరే చేసేవారు. నేను పక్కన కూర్చుని సీసాల మీద పేర్లు చదివేదాన్ని.

జనవరి నుంచి నా ఇన్‌హేలర్‌ని కవర్ చేయబోమంటూ ఇన్సూరెన్స్ వాళ్లు ఉత్తరం పంపారు. ఒళ్లు మండి ఫోన్ చేశాను.

“అలాంటిదే ఇంకొకటి కవర్ చేస్తాం మేడమ్, అది వాడండి,” అంది అక్కడి అమ్మాయి.

“అది వాడే కదమ్మా నేను ఎమర్జెన్సీలో చేరింది! నాకేది పడుతుందో డాక్టర్ చెప్పాలా, మీరు చెప్పాలా?”

“అయితే వేరే ప్లాన్ చూసుకోండి,” అని పెట్టేసింది.

డెబ్బై నాలుగేళ్ల మనిషి ఊపిరి పీల్చుకోవడానికి ఏటా పరీక్ష రాసి పాసవ్వాలా?

మన చాండ్లర్ ఊరి లైబ్రరీలో కంప్యూటర్ ముందు కూర్చుని, ప్లాన్లు పోల్చి చూపే సైట్‌లో మీరు చేసినట్టే ప్రతి మందు పేరూ డోసుతో సహా ఎంటర్ చేశాను. నెలకి పైసా కట్టక్కర్లేదని ఊరించిన ప్లాన్‌లో ఇన్‌హేలరే లేదు. వెతగ్గా వెతగ్గా నాలుగో ప్లాన్‌లో ఉంది. దాంట్లోనే చేరాను.

ఫారం చివర, “ఇది నింపడానికి మీకెవరైనా సాయం చేశారా?” అని ఉంది. “లేదు” అని నొక్కాను. అబద్ధమాడినట్టనిపించి, ఇంటికి రాగానే మీకిది రాస్తున్నాను.