కాకి ముట్టని విస్తరి

హొయిగె బజార్, మంగళూరు
13 ఆగస్టు 1994, శనివారం

సౌభాగ్యవతి వియ్యపురాలు జలజాక్షి వదినకి,

వారిజ నమస్కారాలు. ఇక్కడ మేమంతా క్షేమం అని మొదలుపెట్టాలి కాబట్టి అలాగే మొదలుపెట్టాను. వాన విడవడం లేదు. పడవలు ఒడ్డునే ఉన్నాయి, ఎండుచేపలతో నెట్టుకొస్తున్నాం. మీ నళినికి సంబంధం కుదిరిందని సంతలో విన్నాను. చాలా సంతోషం.

నువ్వు తాంబూలం పట్టుకొచ్చిన రోజు ఇంకా కళ్ళముందే ఉంది. “మా సుమతి రెండేళ్ళ పిల్లగా జ్వరంతో పోయింది గానీ వదినా, ఉంటే ఇప్పటికి ఇరవై ఏడు. తనకి చేయకుండా చెల్లికి చేస్తారా అని అలిగి, నళిని సంబంధాలు రెండు చెడగొట్టింది. మీ దయానందుడూ సముద్రంలో పోయాడు కదా, ఇద్దరికీ ముడిపెడదాం” అన్నావు. అంతకుముందు ఇలాగే చనిపోయిన ఇంకో కుర్రాణ్ణి చూసి, పిల్లకంటే చిన్నవాడని వద్దన్నావట కూడాను!

పెళ్ళిలో రెండు పీటలు వేసి, ఒకదాని మీద పచ్చ పట్టుచీర, ఇంకోదాని మీద పంచె పెట్టాం. పెళ్ళి జరిపించే పెద్దాయన తొందరపెడుతుంటే, “ఉండండి మామా, పిల్ల చీర కట్టుకోవద్దా? మీ ఆవిడ ఎంతసేపు కట్టుకుంటుందో మర్చిపోయారా?” అని కసిరావు. అందరం నవ్వాం. తర్వాత ఆ చీర మడతలు సవరిస్తూ నువ్వు ఏడ్చావు. నేనూ ఏడ్చాను. కొడుకు గుర్తొచ్చి ఏడుస్తున్నానని నువ్వు నా వీపు నిమిరావు.

కోడలు మా ఇంటికి వచ్చింది. నిజంగానే వచ్చింది వదినా. రోజూ మధ్యాహ్నం పెరట్లో గాజుల చప్పుడు. మొదట్లో మురిసిపోయాను. బియ్యం కడుగుతుంటే వెనకాల ఎవరో నిలబడినట్టుండేది, తిరిగి చూస్తే ఎవరూ ఉండరు. రానురాను అది నన్నేదో అడుగుతున్నట్టు తోచి భయం పట్టుకుంది.

మొన్న ఆదివారం, చనిపోయినవాళ్ళకి భోజనం పెట్టాను. ఇద్దరికీ పక్కపక్కనే రెండు విస్తళ్ళు వేసి కోడికూర, రొట్టె వడ్డించాను. కాకులు సుమతి విస్తరి ఊడ్చేశాయి. మావాడి విస్తరి ముట్టనైనా లేదు. పక్కింటి సుందరక్క, “పెళ్ళాం వచ్చాక అమ్మ వంట ఏం రుచిస్తుందిలే” అని వేళాకోళమాడింది. నాకు నవ్వు రాలేదు.

ఇక అసలు సంగతి. ఆటి నెలలో కొత్త కోడలు పుట్టింట ఉండాలి కదా. బతికున్న పిల్లకి జరిగే ముచ్చట మన సుమతికి మాత్రం ఎందుకు జరగకూడదు? ఆటి ఇంకా మూడు రోజులే ఉంది. దాని చీరా గాజులూ మూటకట్టి ఉంచాను. ఈ ఉత్తరం అందగానే రా. మా గుమ్మంలో నిలబడి పేరు పెట్టి గట్టిగా పిలువు. తీసుకెళ్ళాక మళ్ళీ పంపకు. ఎందుకని అడగకు.

ఇట్లు,
నీ వదిన
వారిజ

తా.క.: సంతకం పెట్టాక కూడా మనసు ఊరుకోలేదు. దయానందుడు బతికే ఉన్నాడు. ఆ రోజు వాడు పడవ ఎక్కనే లేదు. రత్నగిరిలో వేరే కులం పిల్లను చేసుకున్నానని మూడేళ్ళ తర్వాత ఉత్తరం రాశాడు. వాళ్ళ నాన్న, “మనకి వాడు చచ్చినవాడే” అన్నాడు. నేను నోరు మూసుకున్నాను. నీ తాంబూలం అందుకున్నప్పుడూ మూసుకునే ఉన్నాను. పోయిన పిల్లకి ఏం తెలుస్తుందిలే అనుకున్నాను, పాపిష్టిదాన్ని.

ఆదివారం ఆ విస్తరి ముందు కూర్చుంటే వెనకాల గాజులు ఆగకుండా మోగాయి. తట్టుకోలేక, “నీ మొగుడు ఇక్కడ లేడే తల్లీ, రత్నగిరిలో ఉన్నాడు” అనేశాను. అప్పటినుంచి మా పెరట్లో చప్పుడు లేదు.

ఇవాళ వాడి కార్డు వచ్చింది. వాడి భార్యకి ఐదో నెలట. సోమవారం, మంగళవారం మధ్యాహ్నం పచ్చ పట్టుచీర కట్టుకున్న పిల్ల ఒకతె వాళ్ళ గుమ్మంలో నిలబడిందట. ఎవరు కావాలమ్మా అని భార్య అడిగితే, లోపల కూర్చున్న మావాడి వైపు చూసి, సిగ్గుతో తల దించుకుందట.