కొలంబోకు రాగిపిండి మూట

ఓబులేశూ, పెన్న పొంగి మన కొట్టం కొట్టుకపోయిన ఏడు మా నాయన, అదే మీ తాత, నన్ను కూలికని రంగూన్‌కు తీసుకపోయినాడు. ఇప్పుడు నువ్వూ ఆయన మాదిరే తయారైనావు. బిడ్డలకు కొలంబో చూపిస్తానని రాగిపిండి మూట కడతావా? "ఆడ ఎవరింట్లోనూ ఏమీ ముట్టొద్దు" అని బిడ్డలకు నేర్పిస్తావా? ఆడుండే నీ దోస్తు పెండ్లాం వండి పెడితే వాళ్లు మొగం తిప్పుకోవల్లనా? సిగ్గుండాదా నీకు? మూట విప్పి పిండి కుండలో పోసినా. మళ్లా కట్టినావంటే ఊరుకోను. వాళ్లతో కూర్చోని వాళ్లు తినేదే తినమని బిడ్డలకు చెప్పు. నేను గొర్లు తోలుకొని పోతాండా.

ఇంకొక మాట. రంగూన్‌లో మేముండిన ఇంటామె మాకని తెచ్చిన అన్నం గిన్నెను మా నాయన తోసేసినాడు. ఆమె కండ్లనీళ్లు పెట్టుకొని పోయింది. తెల్లారి ఆయనే పోయి ఆమె గడప ముందర కూర్చోని, "అమ్మా, ఆకలైతాంది" అన్నాడు.