పడుకున్న జీవాన్ని లేపొద్దన్నది నువ్వే

పుణె,
ఆదివారం పొద్దున

నాయినకు పెద్దబిడ్డ సుజాత దండాలు.

అమ్మ మోకాళ్ళ నొప్పి తగ్గిందా? చెల్లె రేణుక పరీక్షలు అయిపోయాయా? మందలో కొత్తగా ఈనిన గొర్రెలు, పిల్లలు అన్నీ బాగున్నాయా? వీళ్ళందరి క్షేమం నువ్వు చెప్పగలవు. సైదులన్న ఎట్లా ఉన్నాడని మాత్రం నిన్ను అడగను. ఒకే ఇంట్లో ఉంటూ మీరిద్దరూ మాట్లాడుకోక ఇరవై రోజులు దాటిందని రేణుక చెప్పింది. నేను బాగానే ఉన్నాను. ఒంట్లో బాగానే ఉంది, తిండి బాగానే ఉంది. కోపం ఒక్కటే ఎక్కువగా ఉంది, అది నీ మీదే.

ఇదంతా ఫోన్లో చెప్పొచ్చు కదా అంటావు. ఫోన్లో ఏది చెప్పబోయినా "ఆ, ఆ, సరే పెట్టు బిడ్డా, జీవాలు పొలంల పడ్డయ్" అని కట్ చేస్తావు. నాలుగుసార్లు చేశాను. నాలుగుసార్లూ జీవాలు పొలంలోనే పడ్డాయి. అందుకే కాగితం మీద రాస్తున్నాను. ఇంకో మాట. నువ్వు ఏది చదివినా ఊరంతా వినపడేటట్టు చదువుతావు. ఈ ఉత్తరం పట్టుకుని దొడ్డి దగ్గరికి పోయి చదువుకో, ఇంటి ముందర కూర్చుని చదవకు. ఎందుకో తర్వాత చెబుతాను.

ముందు ఇక్కడి సంగతులు. వాన ఆగడం లేదు. ఉతికిన బట్టలు మూడు రోజులైనా ఆరవు. గదిలో నాతో ఇద్దరు అమ్మాయిలుంటారు, మంచివాళ్ళే, కానీ వాళ్ళు మరాఠీలో నవ్వుకుంటుంటే నా గురించేనేమో అనిపించేది. కాదని ఇప్పుడిప్పుడే తెలుస్తోంది. మెస్‌లో పప్పులో బెల్లం వేస్తారు నాయినా. పప్పులో! మొదటి వారం ఏడుపొచ్చింది. ఇప్పుడు అమ్మ పంపిన కారప్పొడి డబ్బా పక్కన పెట్టుకుని తింటున్నాను. అది అడుగంటింది, అమ్మకు చెప్పు. మరీ దిగులుగా ఉన్న సాయంత్రాలు బస్టాండుకు నడిచి వెళ్ళి హైదరాబాద్ బస్సు బోర్డు చూసి వస్తాను. కంగారుపడకు, ఎక్కను.

నా పని గురించి నువ్వెప్పుడూ సరిగ్గా వినలేదు. చేరిన కొత్తలో చెబితే పగలబడి నవ్వావు. "ఎలుకలు ఎప్పుడు లేస్తయో, ఎప్పుడు పంటయో రాసుడు గూడ నౌకరీయేనా? గట్లయితే గొర్రెలు కాసినందుకు నాకు కలెక్టర్ జీతం ఇయ్యాలె," అన్నావు. నేనూ నవ్వాను. ఇప్పుడు విను. మా ల్యాబులో చిట్టెలుకలుండే గదికి కిటికీ లేదు. వాటిని వారాల తరబడి పూర్తి చీకట్లో ఉంచుతారు. ఒక్కో బోనులో ఒక చిన్న చక్రం ఉంటుంది. ఎలుక లేచి చక్రంలో పరిగెత్తితే కంప్యూటర్లో గీత పడుతుంది, పడుకుంటే గీత ఆగుతుంది. సూర్యుడు కనబడకపోయినా అవి దాదాపు నిన్న లేచిన వేళకే ఈరోజూ లేస్తాయి. ప్రతి ప్రాణి ఒంట్లో ఒక గడియారం ఉంటుందని, మనిషికీ ఉంటుందని, దానికి ముల్లు తిప్పేది ముఖ్యంగా వెలుతురేనని మా మేడమ్ చెప్పింది. ఆ గడియారాన్ని అటూ ఇటూ కదిలిస్తే ఒంటికి ఏమవుతుందో చూడటమే ఇక్కడి పని. వాటికి మేత, నీళ్ళు, శుభ్రం నా వంతు. బీఎస్సీ చదివినా చేస్తున్నది నీ పనే నాయినా, జీవాలు చిన్నవి, అంతే.

కిందటి నెల ఒక తప్పు చేశాను. ఆ గదిలోకి పోయేటప్పుడు సన్నటి ఎర్ర లైటు మాత్రమే పట్టుకోవాలి. ఆ ఎరుపు ఎలుకల కంటికి పెద్దగా ఆనదు. ఆరోజు లోపలికి పోయేసరికి ఒక నీళ్ళ సీసా కారి బోనంతా తడిసిపోయింది. ఎలుక మూలకు ముడుచుకుని వణుకుతోంది. దొడ్డిలో గొర్రెపిల్ల బురదలో పడితే ఏం చేస్తామో నాకు అదే తోచింది. ట్యూబ్‌లైటు వేశాను. పావుగంట కూర్చుని బోనులో పరిచిన తడి పొట్టు తీసి, పొడి పొట్టు వేసి, దాని ఒళ్ళు తుడిచి, లైటు ఆర్పి వచ్చాను. మంచి పని చేశానని సంతోషపడ్డాను కూడా.

మర్నాటి నుంచి ఆ గదిలో ఎలుకలు వేళ తప్పి లేవడం మొదలుపెట్టాయి. అక్కడ పరిశోధన చేసే నేహ నా వయసు పిల్లే. ఇన్ని వారాల కష్టం పోయిందని నా ముందే ఏడ్చింది. మేడమ్ తిట్టలేదు. తిడితే బాగుండేది. లైటు ఎందుకు వేశావో రాసివ్వమంది. జంతువుల బాగోగులు చూసే కమిటీ ఒకటుంది, వాళ్ళ ముందు నిలబెట్టింది. ముగ్గురు పెద్దమనుషులు అరగంట అడిగారు. వాటి చీకటి వేళ మార్చాలంటే అనుమతి కావాలని తెలియదా అన్నారు. ఆ ప్రాణులకు ఎంత ఇబ్బందో ఆలోచించావా అన్నారు. తల వంచుకుని తప్పయిందన్నాను. బయటికొచ్చి మెట్ల మీద కూర్చున్నాను. ఎలుకల నిద్ర కోసం ఇంత రాద్ధాంతమా అని నాకు ఒళ్ళు మండిపోతోంది.

సరిగ్గా అప్పుడు రేణుక ఫోన్ చేసింది. అన్న బండి మీద నుంచి పడ్డాడని చెప్పింది.

మిర్యాలగూడ మిల్లులో అన్న బాయిలర్ దగ్గర ఒక వారం పగలు, ఒక వారం రాత్రి చేస్తాడని నీకు తెలుసు. వారం మారేముందు వాట్సాప్‌లో ఒక ముక్క వస్తుంది, "రేపటి సంది నైట్" అని. అంతే. ఎలుక నిద్ర వేళ మార్చాలంటే ముగ్గురు పెద్దమనుషులు కూర్చుని సంతకం పెట్టాలి. మా అన్న నిద్ర వేళ మార్చడానికి ఎవరి సంతకం అక్కర్లేదా? ఒళ్ళు కొత్త వేళకు సర్దుకోవడానికి రోజులు పడతాయట. సర్దుకునేలోపు మళ్ళీ తిప్పేస్తారు. తెల్లారి డ్యూటీ దిగి, నేరేడుచర్ల దాటాక కాలువ మలుపు దగ్గర అన్న కళ్ళు మూతపడ్డాయి. హ్యాండిల్ పట్టుకునే నిద్రపోయాడు నాయినా. బండి వరి మడిలోకి దిగింది కాబట్టి గడ్డం కింద నాలుగు కుట్లతో పోయింది. రెండు గజాలు ఇటు పడితే కాలువ.

అన్నకు కోదాడ సంబంధం మాట నడుస్తోంది కదా. ఆ అమ్మాయి మేనమామ పరామర్శకు వచ్చాడు. "ఎట్లా పడ్డాడండీ పిల్లోడు?" అని మర్యాదగానే అడిగాడు. నువ్వేమన్నావో రేణుక అక్షరం పొల్లుపోకుండా చెప్పింది. "ఎట్ల వడుతడు? తాగి వడ్డడు. పగలంత పంటడు, రాత్రంత మిల్లంటడు, నడుమ ఏం జేస్తడో దేవునికెర్క." పక్క గదిలో కుట్లతో పడుకుని అన్న అంతా విన్నాడు. ఆ మేనమామ చాయ్ కూడా పూర్తిగా తాగలేదట. "మేం ఆలోచించుకుని చెబుతామండీ," అని లేచి వెళ్ళిపోయాడు. ఇంతవరకూ చెప్పలేదు.

నేను అన్నకు ఫోన్ చేశాను. సూర్యాపేట దవాఖానలో కుట్లేసిన డాక్టరు, మందు వాసన లేదని, నిద్ర చాలక పడ్డాడని చీటీ మీదే రాశాడట. ఆ చీటీ అన్న జేబులోనే ఉంది. నాయినకెందుకు చూపించలేదని అడిగాను. అన్న అన్నాడు, "నాయినకు కాగితం సూపియ్యాల్నా సెల్లె? ఇరవై ఏడేండ్ల సంది నన్ను సూస్తుండు గద. నేను తాగనని నాయినకు ఎర్కలేదా?"

ఎరుక లేదా నాయినా? నిజంగా తాగాడనే అనుకున్నావా? అనుకోలేదు, నాకు తెలుసు. కొడుకు పట్టపగలు మంచం మీద ఉండటం నీకు నామోషీ. పగలు పడుకునే మగవాడు మన ఇంట్లో ఎన్నడూ లేడు. ఆ నామోషీ కప్పిపుచ్చుకోవడానికి తాగుబోతు అనే పేరైనా పెట్టావు కానీ, నా కొడుకు అలిసిపోయాడండీ అని ఒక్క మాట అనలేకపోయావు.

మన ఇంట్లో అన్న నిద్ర ఎట్లా ఉంటుందో ఒక్కసారి చూడు. ఎనిమిదింటికి వచ్చి పడుకుంటాడు. తొమ్మిదింటికి నువ్వు మందను తోలుతూ ఆ కిటికీ పక్కనే కేకలు పెడతావు. పదింటికి అమ్మ మిక్సీ. పదకొండుకు ఎవరో ఒకరు తొంగిచూసి "సైదులు ఇంక లేవలేదా?" అని ఆరా. నేనేం తక్కువ తిన్నానా? పోయినసారి ఇంటికి వచ్చినప్పుడు పదింటికి కిటికీ రెక్కలు బార్లా తెరిచి, దుప్పటి లాగేసి, ఎండ నెత్తికెక్కిందని నవ్వాను. అన్న చేతులతో కళ్ళు మూసుకుని "జర ఆగే, ఒక్క గంట," అన్నాడు. ఆ ఒక్క గంట నేను ఇవ్వలేదు. ఎలుకలకు లైటు వేసినందుకు రాసిచ్చాను, అరగంట నిలబడ్డాను. అన్న మీదికి ఎండ వదిలినందుకు నన్ను ఎవ్వరూ ఒక్క మాట అడగలేదు.

నువ్వు ఇవేవీ తెలియని మనిషివైతే నాకింత కోపం వచ్చేది కాదు. నాకు తొమ్మిదేళ్ళప్పుడు చిలుకూరు దారిలో తుమ్మల కింద మధ్యాహ్నం మంద పడుకుని నెమరేస్తుంటే, ఏమీ తోచక ఒక గొర్రె మీద మట్టిగడ్డ విసిరాను. నువ్వు భుజం మీది తువ్వాల తీసి నాకు ఒక్కటి అంటించావు. "పండుకున్న జీవాన్ని లేపొద్దే. దాని యాళకు దాన్ని పండనియ్యకుంటె తిన్న మేత ఒంటికి పట్టది," అన్నావు. జీవాలు ఏ వేళకు మేస్తాయో, ఏ వేళకు నీళ్ళకు లేస్తాయో, ఏ వేళకు కదిలించకూడదో గడియారం లేకుండా చెప్పే మనిషివి నువ్వు. ఈ మాట మా మేడమ్‌కు చెబితే ఇంకో ఇద్దర్ని పిలిచి నాతో మళ్ళీ చెప్పించుకుంది. మీ నాన్నగారు గొప్పవారు అంది. నేను గర్వంగా అవునన్నాను. గొర్రెల వేళ తెలిసిన మనిషికి కన్నకొడుకు వేళ తెలియలేదని మాత్రం చెప్పలేదు. సిగ్గేసింది.

ఇప్పుడు నువ్వు చేయాల్సింది చెబుతాను. కోదాడ పోవాలి. నువ్వే పోవాలి, అమ్మను పంపకూడదు. ఆ మేనమామ ముందు కూర్చుని, నా కొడుకు తాగలేదు, నేనే నోరు జారాను అని చెప్పాలి. అన్న జేబులో చీటీ ఉంది కదా అని దాన్ని అడుక్కుని తీసుకుపోకు. చీటీ లేకుండా నీ నోటితో చెప్పు. సంబంధం కుదురుతుందా లేదా అన్నది వాళ్ళ ఇష్టం. అన్న పేరు మాత్రం నువ్వు చెడగొట్టావు, నువ్వే నిలబెట్టాలి. మిల్లులో వారం వారం తిప్పకుండా ఎక్కువ రోజులు ఒకే డ్యూటీ వేయమని అన్న అడుగుతానన్నాడు. సూపర్‌వైజర్ "నీకేమన్న స్పెషలా?" అంటాడేమో. అననీ. ఇంట్లోవాళ్ళమే అలా అన్నప్పుడు పరాయివాడు అంటే ఏం చెప్తాం?

ఇంకొక్కటి. ఇక్కడ ఎలుకల గది తలుపుకు లోపల మందపాటి నల్లగుడ్డ కట్టారు, వెలుతురు చొరబడకుండా. మన ఇంట్లో దానికంటే మంచిది ఉంది. నీ పాత గొంగడి. దాన్ని నువ్వు ఎవరికీ ఇవ్వవని, వానాకాలం భుజం మీద నుంచి దించవని నాకు తెలుసు. అయినా అడుగుతున్నాను. దాన్ని అన్న గది కిటికీకి నీ చేత్తో కట్టు. మందను వెనక దారిన తోలు. అమ్మను మిక్సీ సాయంత్రం వేసుకోమను. ఇంటి ముందర కూర్చుని ఈ ఉత్తరం చదవొద్దన్నది ఎందుకో ఇప్పుడు తెలిసిందిగా. ఇది నీ చేతికి వచ్చే వారం అన్నకు నైట్ డ్యూటీ, పగలు పడుకుని ఉంటాడు.

అమ్మకు, మేనత్తకు నా దండాలు చెప్పు. రేణుకను బాగా చదవమను. నీ కాళ్ళకు మొక్కుతున్నాను. కోపంతోనే మొక్కుతున్నాను, అయినా మొక్కుతున్నాను, దీవించు.

గొంగడి కట్టాక, అన్నకు పగటి డ్యూటీ ఉన్నరోజు మిట్టమధ్యాహ్నం రేణుకను ఆ గదిలోకి పోయి, తలుపు మూసి, ఫ్లాష్ లేకుండా ఒక ఫోటో తీసి నాకు పంపమను. మంచం, కిటికీ కనబడితే నువ్వు ఇంకా నా మాట వినలేదని అర్థం. ఫోటోలో ఏమీ కనబడకుండా నల్లగా వస్తే, దాన్ని మా మేడమ్‌కు చూపించి, ఇది మా నాయిన చేసిన పని అని చెప్పుకుంటాను.

నీ పెద్దబిడ్డ,
సుజాత