కుడిగోడ కొక్కెం

బుధవారం, పొద్దున్న ఆరున్నర

మామయ్య గారికి,

మేనకోడలి నమస్కారాలు. గారు అంటే నీకు ఒళ్లు మండుతుందని తెలుసు. ఈ ఒక్క ఉత్తరానికి ఓర్చుకో. నేనిక్కడ క్షేమం. నువ్వక్కడ క్షేమంగా లేవని అత్తయ్య చెప్పింది కాబట్టి క్షేమమని తలుస్తాను అని రాయను.

నీ పనిముట్ల పెట్టె కొనడానికి శుక్రవారం ఎవరో వస్తున్నారట. అమ్మెయ్యకు మామయ్యా. ఫోనైతే ఎత్తడం లేదు నువ్వు. అందుకే ఇది పడవ తాత చేత పంపుతున్నాను. చదివేదాకా గుమ్మంలోంచి కదలొద్దని చెప్పాను. కదలడులే, టీ ఇస్తే అసలే కదలడు.

ఆ రోజు సంగతి నీకు మా డైవ్ షాపు ఓనరు చెప్పినంతే తెలుసు. నా నోటితో విను. సముద్రంలో పద్దెనిమిది మీటర్ల లోతు. నా వెంట నలుగురు అతిథులు. అందులో లెక్కల టీచరమ్మ ఒకావిడ, గాలి ఎంత ఉందని రెండుసార్లు అడిగితే గేజి చూడకుండానే సగం ఉందని సైగ చేసింది. మూడోసారి తనే గబగబా వచ్చి, అరచెయ్యి మెడమీద అడ్డంగా ఆడించింది. అంటే గాలి అయిపోయిందని. సిలిండరు గాలిని నోటికందించే నా రెగ్యులేటరుకున్న రెండో మౌత్‌పీస్, ఇలాంటి ఆపదకే ఉంచుకునేది, ఆవిడ నోటికి పెట్టాను. పీల్చింది. నీళ్లొచ్చాయి. మళ్లీ పీల్చింది. మళ్లీ నీళ్లే! ఆవిడ కళ్లు నాకు జానెడు దూరంలో ఉన్నాయి. నా నోట్లోది తీసి ఇచ్చాను. రెండు ఊపిరులు ఆవిడవి, రెండు నావి. ఉరికి పైకి వస్తే ఊపిరితిత్తులు చిట్లుతాయి కాబట్టి ఆ చావు భయంలోనే మెల్లగా, అంగుళం అంగుళం పైకొచ్చాం. పడవెక్కాక ఆవిడ దగ్గుతూ నా చెయ్యి వదల్లేదు. రెండు రోజులు ఆసుపత్రిలో ఉండి ఇంటికెళ్లింది. ఇప్పుడు బాగానే ఉందట.

తర్వాత ఓనరు ఆ మౌత్‌పీస్ విప్పి చూశాడు. లోపలి రబ్బరు పెళుసెక్కి చీలిపోయి ఉంది. గొట్టానికి మాత్రం సర్వీసు చేసినట్టు ట్యాగు ఉంది. తేదీ, నెల, నీ చేతిరాత. నీ దగ్గరికి తెచ్చి చూపిస్తే, చేసినట్టు గుర్తులేదు కానీ రాత నాదే, తప్పూ నాదే అన్నావట.

పాతికేళ్లుగా నీ పనిగదిలో ఒకటే పద్ధతి. సర్వీసు చేయాల్సిన రెగ్యులేటర్లు ఎడమగోడ కొక్కేలకు, చేసినవి కుడిగోడకు. పాత ట్యాగు కత్తిరించి పారేస్తావు, కొత్తది కడతావు. పాతది ఎలాగూ ఉండదు కదా, ఏడాది రాయడం దండగంటావు. నోటుబుక్కు పెట్టుకోమంటే నీ బుర్రే నీ పుస్తకమని కసిరేవాడివి. ఆ మనిషివి ఇప్పుడు గ్యాసు కట్టేశావో లేదో ముమ్మారు లేచి చూస్తున్నావట. మతిమరుపు పరీక్షకు డాక్టరు దగ్గర రోజు తీసుకున్నావట. మీ పెళ్లి ఏ వారం జరిగిందని అత్తయ్యను అడిగి నిన్ను నువ్వే పరీక్షించుకున్నావట. ఆవిడకే గుర్తులేదని చెప్పి నవ్వబోయి, ఫోన్లోనే ఏడ్చేసింది.

నా సంగతి చెప్పాలంటే, బయటివాళ్లకు డైవ్‌మాస్టరంటే చేపలతో షికారు. ఏడాది తిరిగేసరికి డైవ్‌మాస్టరు కార్డుకు మళ్లీ కట్టాలి, బీమాకు కట్టాలి. చెవులూ ఊపిరీ బాగున్నాయని డాక్టరు ముద్ర వెయ్యాలి, ప్రథమ చికిత్స క్లాసు మళ్లీ కూర్చోవాలి. మోకాళ్ల దగ్గర చిరిగిన సూటుకు అతుకులు. ఎడమ చెవిలో ఈల ఊరికే వస్తోందనుకో. ఏనుగును కొన్నదానివి అంకుశానికి ఏడవకు అంటుంది అమ్మ. ఆవిడకేం తెలుసు, ఇక్కడ ఏటేటా కొత్త అంకుశం! ఈసారి అన్నీ ఒకే నెలలో వచ్చిపడ్డాయి. రెగ్యులేటరు సర్వీసుకు నువ్వెలాగూ నా దగ్గర కూలి తీసుకోవు. లోపల మార్చే రబ్బర్ల ఖర్చు కూడా ఓనరు నీ బిల్లులోంచే కోసుకుంటున్నాడని అత్తయ్య నోరు జారింది. అది విన్నప్పటి నుంచీ నాకు నీ గుమ్మం తొక్కాలంటే సిగ్గుగా ఉండేది.

చెప్పొచ్చేదేమిటంటే, నీ చేతుల మీద నాకెప్పుడూ అనుమానం లేదు. పెట్టె మాత్రం అమ్మెయ్యకు. అత్తయ్యను అడిగానని చెప్పు.

ఇట్లు,
నువ్వు పెట్టిన పేరుతోనే,
చేపపిల్ల

తాజా కలం: కవరు అంటించి చింపాను. ఇది మూడో కవరు. తొమ్మిది రోజులుగా తేలు కుట్టిన దొంగలా ఉన్నాను, ఇక నా వల్ల కాదు. నీకు గుర్తులేకపోవడం కాదు మామయ్యా, నువ్వసలు చేయనే లేదు. ఆ ట్యాగు నిరుటిది. ఈ ఒక్క ఏడూ ఆగితే ఏమవుతుందిలే అనుకుని, నువ్వు నిద్ర లేవకముందే వచ్చి, నా రెగ్యులేటరును తిన్నగా కుడిగోడ కొక్కేనికి తగిలించాను. అత్తయ్య టీ కూడా ఇచ్చింది, తాగి వెళ్లాను. నీకు ఖర్చు తప్పించాననుకున్నాను. ఆ టీచరమ్మ ప్రాణం మీదికి తెచ్చాను, నీకేమో పిచ్చి పట్టించాను. నువ్వు తప్పు ఒప్పుకున్నావని తెలిసి కూడా నోరు విప్పలేదు చూడు, అది అన్నిటికంటే పాపం.

నీ బుర్రకు ఏమీ కాలేదు. ఆ డాక్టరు దగ్గరికి వెళ్లకు. ఈ ముక్కలే ఇంకో కాగితం మీద రాసి, నా కార్డుతో పాటు ఓనరు బల్ల మీద పెట్టాను. షట్టరు తీయగానే చూస్తాడు. టీచరమ్మకు నేనే వెళ్లి చెబుతాను. నన్ను తిట్టు, నా మొహం చూడనని చెప్పు, కానీ శుక్రవారం వచ్చేవాణ్ణి గుమ్మంలోంచే పంపెయ్.

తాత చేతి సంచిలో నా రెగ్యులేటరు ఉంది. ఎడమగోడకు తగిలించమని చెప్పాను. పాత ట్యాగు నేను తియ్యలేదు. అది నువ్వే కత్తిరించాలి.