మల్లమ్మవ్వ ఉన్ని ఉండలో నా ప్రసంగం

1989 డిసెంబరు, మంగళవారం

మొన్న ఆదివారం ప్రార్థనలో నేను వాక్యం చెప్తుంటె కదురు తిప్పుతూ కూర్చుందని మల్లమ్మవ్వను అందరి ముందర గద్దించిన. "దేవుని సన్నిధిల ఉన్ని వడుకుతవా? చేతులు కట్టుకో!" అని అరిచిన. ఆమె కదురు, ఉన్ని సర్దుకుని లేచి వెళ్లిపోయింది.

ఈ రోజు పొద్దున వాక్యపు పుస్తకం చంకన పెట్టుకుని బిజినేపల్లిలో ఆమె ఇంటికి పోయిన. అరుగు మీద గొంగడికి ఉన్ని వడుకుతున్నది.

"చేతులు ఆగితె నాకు నిద్రొస్తదయ్యా. కదురు తిరిగితెనే నీ మాట చెవులకెక్కుతది" అన్నది. ఇన్ని ఆదివారాలు నా కంట పడకుండ వెనక కూర్చుని వడికిన ఉండ విప్పి నా చేతుల పెట్టింది. "జర తడిమి చూడు. నువ్వు నిమ్మళంగ చెప్పిన కాడ పోగు సన్నగొచ్చింది. నరకం, నరకం అని కేకలేసిన కాడ గిట్ల లావయింది. ఇగో, ఈడ ఉలిక్కిపడ్డ, తెగింది."

తడిమిన. లావు, అతుకు, మళ్లీ లావు. సన్నని పోగు బెత్తెడు దొరికింది. ఇన్నేండ్లు ఆత్మల్లో మంట రగిలిస్తున్ననని మురిసిన. చేతిలో కదురు లేనోళ్ల లోపల ఏం తెగిందో నాకెవరు చూపిస్తరు?

"తప్పయిందవ్వా. ఆదివారం కదురు తీస్కొనే రా" అన్న.

"తిట్టింది అందరి ముందర. తప్పయిందని నా అరుగు మీద చెప్తవా?" అని మళ్లీ వడకబట్టింది.

వస్తననలేదు, రాననలేదు. ఆదివారానికి వాక్యం వెతుకుతున్న. ఏది చెప్పాలన్నా ముందు అందరి ఎదుట ఆమె పేరు చెప్పి తప్పు ఒప్పుకోవాలె. గొంతు తగ్గించి మాట్లాడుడు నాకు వస్తదా, ప్రభువా...